గ్లాకోమా ఆపరేషన్ తర్వాత రెటీనాకు రక్తం బాగా అందుతుందా?

గ్లాకోమా అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. దాని ఆపరేషన్‌తో కంటి ప్రెషర్ తగ్గాక రెటీనాకు, అంటే కంటి వెనకాల ఉండే చూపు పొరకు, రక్తం బాగా అంది, మీ అమ్మగారికి పోయిన చూపు తిరిగొస్తుందా అని అడిగారు. రక్తం అందడం కొంత మెరుగుపడొచ్చు. పోయిన చూపు మాత్రం రాదండీ, మిగిలింది కాపాడుకోవడానికే ఆపరేషన్. ఈ మాట అమ్మగారికి ముందే చెప్పండి. మా నాయనకు మేం చెప్పలేదు. కట్టు విప్పిన రోజు ఆయన ముఖం చూడలేకపోయాం.

మాది చిత్తూరు. మూడు రకాల చుక్కలు వేసినా నాయన కుడి కంటి ప్రెషర్ 30కి దిగలేదు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. చివరికి ట్రాబెక్యులెక్టమీ చేశారు. కంట్లోని నీరు తెల్లగుడ్డు పైపొర కిందికి వెళ్లేలా, పైరెప్ప చాటున సన్నటి దారి చేస్తారు.

రక్తం సంగతి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. రక్తాన్ని కంట్లోకి తోసేది బీపీ, దానికి అడ్డం పడేది కంటి ప్రెషర్. అడ్డం తగ్గితే రక్తం సులువుగా వెళ్తుంది. అలాగని ప్రెషర్ సగమైతే రక్తం రెట్టింపు కాదు. రెటీనా రక్తనాళాలు అవసరాన్ని బట్టి సన్నబడుతూ, వెడల్పవుతూ సర్దుకుంటాయి. గ్లాకోమా ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటు దెబ్బతిని ఉండొచ్చు. మూడు నెలల తర్వాత తీసిన ఓసీటీ యాంజియోగ్రఫీలో (కంటి లోపలి సన్న రక్తనాళాలను చూపించే స్కాన్) నాయనకు కంటి నరం చుట్టూ రక్తనాళాల అల్లిక కాస్త చిక్కగా కనిపించింది, రెటీనా నడిమి భాగంలో ఏ మార్పూ లేదు. కొందరికి ఆ కాస్త కూడా కనిపించదట. ప్రెషర్ అదుపులో ఉంటే దానికి దిగులుపడొద్దన్నారు.

మేం భయపడింది వేరే దానికి. ఆపరేషన్ మర్నాడు ప్రెషర్ 6కి పడిపోయి, రెటీనా మీద ఎర్రటి రక్తపు చుక్కలు కనిపించాయి. ఏళ్ల తరబడి ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న కంట్లో అది ఒక్కసారిగా తగ్గితే కొందరికి ఇలా అవుతుందట. నాయనకు కొన్ని వారాల్లో వాటంతటవే పోయాయి. అందుకే మొదటి వారాల చెకప్ ఒక్కటి కూడా మానకండి. నొప్పి వచ్చినా, కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి.

ఇంకొకటి, అమ్మగారు బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు? నిద్రలో బీపీ ఎలాగూ తగ్గుతుంది. రాత్రి మాత్రతో అది మరీ పడిపోతే కంటి నరానికి రక్తం చాలకపోవచ్చు. నాయన రాత్రే వేసుకునేవారు, కంటి డాక్టరమ్మ అడిగేదాకా మాకది తట్టలేదు. తర్వాత బీపీ డాక్టరు దాన్ని పొద్దుటికి మార్చారు. మీరు సొంతంగా మార్చకండి, ఆపరేషన్‌కు ముందే ఇద్దరు డాక్టర్లకూ మాత్రల చీటీ చూపించండి.