బ్రిటన్ నిజంగా దిగజారిపోతోందా? తప్పంతా ఇప్పటి నాయకులదేనా?

అడిగినవారి సందేహం ఇది: తమ్ముడు మాస్టర్స్ కోసం బర్మింగ్‌హామ్ వస్తానంటున్నాడు, యూట్యూబ్ తెరిస్తే మాత్రం "బ్రిటన్ పని అయిపోయింది, స్టార్మర్ ముంచేశాడు" అన్న వీడియోలే కనిపిస్తున్నాయి, ఇందులో నిజమెంత?

నేను 2009 నుంచి బర్మింగ్‌హామ్‌లోనే ఉంటున్నాను. గుంటూరులో బీఫార్మసీ చేసి, ఇక్కడికొచ్చి మళ్లీ చదివి, పరీక్ష పాసై మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నేను వచ్చేసరికి గార్డన్ బ్రౌన్ ప్రధాని. ఆ తర్వాత కామెరాన్, థెరిసా మే, బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్, రిషి సునాక్, 2024లో కియర్ స్టార్మర్. ఇంతమందిని చూశాక నాకు అర్థమైంది చెబుతాను. దేశం దిగజారింది, అందులో అనుమానం లేదు. కానీ దిగజారింది జనం కాదు, చట్టం కాదు, చదువులు కాదు. ఉన్నదాన్ని రోజూ నడిపించుకునే శక్తి తగ్గిపోయింది. అది 2024 జులైలో స్టార్మర్ వచ్చాక మొదలైంది కాదు. అలాగని ఆయన చేతులు దులుపుకోవడానికీ లేదు.

ముందు నా కౌంటర్ దగ్గర కనిపించేది చెబుతాను. ఇంగ్లండ్‌లో పిల్లలకు, గర్భిణులకు, 60 దాటినవాళ్లకు మందులు ఉచితం. పనిచేసే వయసువాళ్లలో చాలామంది మాత్రం ఒక్కో మందుకు ఇంత అని కట్టాలి. నేను వచ్చిన ఏడాది అది 7 పౌండ్ల 20 పెన్నీలు, ఇప్పుడు 9 పౌండ్ల 90. డాక్టరు రాసిన చీటీ మీద మూడు మందులుంటే దాదాపు 30 పౌండ్లు. "ఈ మూడింట్లో ఏది మానేసినా ఫర్వాలేదు?" అని గొంతు తగ్గించి అడుగుతారు. వెనక క్యూలో మనుషులుంటారు కదా, వినబడకూడదని. మొదట్లో ఈ మాట అరుదుగా వినేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది. ఏడాదికి 114 పౌండ్ల 50 కట్టే పాస్ ఉందని, దాన్ని వాయిదాల్లో కట్టుకోవచ్చని చెప్పి, ఫారం నేనే నింపిపెడతాను. ఉబ్బసం ఇన్‌హేలర్ మానేస్తానన్న మనిషిని అలా పంపేయడం నావల్ల కాదు.

2022 డిసెంబరు సంగతి అసలు మర్చిపోలేను. పిల్లల్లో స్ట్రెప్-ఏ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ పెరిగింది, దేశమంతా అమాక్సిసిలిన్ సిరప్‌కు కరువొచ్చింది. ఒక తల్లి నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని వచ్చింది, అప్పటికే నాలుగైదు షాపులు తిరిగిందట. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. నా దగ్గరా సిరప్ లేదు. ఉన్న క్యాప్సూల్ ఎలా విప్పాలో, పొడిని ఎన్ని నీళ్లలో కలపాలో, అందులోంచి ఎంత పట్టాలో ఆ నిలబడ్డచోటే చూపించాను. డాక్టరుకు ఫోన్ చేసి చీటీ మార్పించడానికే చాలాసేపు పట్టింది. ప్రపంచంలో ఆరో పెద్ద ఆర్థిక వ్యవస్థ అని చెప్పుకునే దేశంలో అతి మామూలు యాంటీబయాటిక్ కోసం ఒక తల్లి ఇన్ని మెట్లెక్కాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టింది. నా వెనక అరల్లో ఉన్న పెట్టెల్లో ఎన్నో హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారై వచ్చినవే. మందు చేసేవాళ్లకు కొదవలేదు. కానీ ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే ధర తక్కువ, నిల్వ ఉంచుకునే ఓపిక ఎవరికీ లేదు, కాబట్టి గిరాకీ ఒక్కసారి పెరిగితే అరలు ఖాళీ.

అసలు కారణం లెక్కల్లోనే ఉంది. ఇంగ్లండ్‌లోని మందుల షాపులకు ప్రభుత్వం ఇచ్చే మొత్తాన్ని 2019 నుంచి 2024 దాకా ఏటా 259 కోట్ల పౌండ్ల దగ్గరే బిగించేశారు. మధ్యలో 2022 అక్టోబరుకు ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది. కరెంటు పెరిగింది, జీతాలు పెరిగాయి, వచ్చే డబ్బు మాత్రం పెరగలేదు. షాపులు మూతపడ్డాయి. మా వీధి చివర షాపు మూసేశాక వాళ్ల చీటీలన్నీ మా దగ్గరికే వస్తున్నాయి, మనుషులం మాత్రం అంతే ఉన్నాం. ఆ ఐదేళ్లూ పాలించింది కన్జర్వేటివ్‌లు (కామెరాన్ నుంచి సునాక్ దాకా అందరిదీ ఆ పార్టీయే). 2025లో స్టార్మర్ లేబర్ పార్టీ ప్రభుత్వం ఆ మొత్తాన్ని 307 కోట్లకు పెంచింది, అది మంచి పని. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఉద్యోగికి యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను (జీతం మీద పడే పన్ను లాంటిది) 13.8 నుంచి 15 శాతానికి పెంచి అందులో కొంత వెనక్కి లాగేసుకుంది.

ఆసుపత్రుల వెయిటింగ్ లిస్టు కూడా ఇదే దారిలో నడిచింది. 2010లో ఇంగ్లండ్‌లో ఆ సంఖ్య 25 లక్షల దగ్గర ఉండేది, కోవిడ్‌కు ముందే 46 లక్షలైంది, 2023 సెప్టెంబరుకు 77 లక్షలు దాటింది. (ఒకే మనిషి రెండు మూడు చికిత్సలకు ఎదురుచూస్తుండొచ్చు, కాబట్టి మనుషుల లెక్క ఇంతకంటే తక్కువ.) 2025 శరత్కాలానికి 74 లక్షల చుట్టూ ఉంది. పెరిగిన తీరు చూడండి. కోవిడ్ మీద నెట్టేయడానికీ లేదు, స్టార్మర్ మీద నెట్టేయడానికీ లేదు.

ఇక మా ఊరు. ఎవరైనా బ్రిటన్ గురించి అడిగితే నేను బర్మింగ్‌హామ్ లైబ్రరీ గురించి చెబుతాను. 2013 సెప్టెంబరులో మలాలా చేతుల మీదుగా తెరిచారు. తాలిబాన్ తూటా తగిలాక ఆ పిల్లకు వైద్యం చేసింది ఈ ఊరి క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రే, అందుకే ఆమెను పిలిచారు. దాదాపు 19 కోట్ల పౌండ్లతో కట్టిన భవనం, బయట బంగారు రంగు వలయాలు, పైన తోట. నాకు ఆ రోజు కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక ఊరు పుస్తకాల కోసం ఇంత ఖర్చు పెట్టిందే అనిపించింది. రెండేళ్లు తిరక్కుండానే, నడపడానికి డబ్బు లేదని వారానికి 73 గంటలు తెరిచే లైబ్రరీని 40 గంటలకు కుదించేశారు. సిబ్బందినీ తగ్గించారు. కట్టడం వచ్చు, నడపడం మానేశారు. ఈ దేశంలో జరిగింది క్లుప్తంగా ఇదే అని నా అభిప్రాయం.

2022లో అదే ఊరు కామన్వెల్త్ గేమ్స్ చాలా బాగా జరిపింది. ఏడాదికే, 2023 సెప్టెంబరులో, కౌన్సిల్ (మన మున్సిపల్ కార్పొరేషన్ లాంటిది) తన దగ్గర డబ్బు లేదని అధికారికంగా చేతులెత్తేసింది. మహిళా ఉద్యోగులకు ఏళ్ల తరబడి తక్కువ జీతాలిచ్చినందుకు కట్టాల్సిన బకాయిలు 76 కోట్ల పౌండ్ల దాకా ఉండొచ్చని అప్పట్లో అంచనా వేశారు. దానికి తోడు రెండు కోట్లలో అయిపోవాల్సిన కంప్యూటర్ సిస్టం పది కోట్ల దాకా పోయింది. ఇది అప్పటికి 2012 నుంచి లేబర్ చేతిలో ఉన్న కౌన్సిల్ చేసుకున్న తప్పు. పైన లండన్ నుంచి 2010 తర్వాత పద్నాలుగేళ్లపాటు నిధులు కోసుకుంటూ వచ్చింది కన్జర్వేటివ్‌ల ప్రభుత్వాలు. తప్పు ఇద్దరిదీ అయితే ఎవరూ ఒప్పుకోరు. మేం మాత్రం కౌన్సిల్ టాక్స్ 2024లో దాదాపు 10 శాతం, 2025లో మరో ఏడున్నర శాతం ఎక్కువ కట్టాం.

అంత కట్టాక 2025 మార్చిలో చెత్త ఎత్తేవాళ్లు పూర్తి సమ్మెలోకి వెళ్లారు. ఆ నెలాఖరుకు వీధుల్లో 17,000 టన్నుల చెత్త పేరుకుందని కౌన్సిలే ప్రకటించింది. మా సందులో నల్ల సంచులు గోడ ఎత్తున పడి ఉండేవి, ఎలుకలు పట్టపగలే తిరిగేవి. ఇరుగుపొరుగు కలిసి చందాలేసుకుని వ్యాన్ మాట్లాడుకున్నాం. పాకిస్తానీ కుటుంబం, ఐరిష్ ముసలాయన, మేము, కొత్తగా వచ్చిన నైజీరియా నర్సు, అందరం చేతులకు గ్లౌజులు వేసుకుని సంచులు మోశాం. జనం దిగజారలేదని నేనన్నది ఇందుకే. ఇది రాస్తున్న 2025 చివరికి కూడా ఆ సమ్మె తెగలేదు.

మా షాపుకొచ్చే ఒక పెద్దాయన లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. 2005లో ఆ రోవర్ కంపెనీ మూతపడ్డప్పుడు ఆరు వేల ఉద్యోగాలు పోయాయి, అందులో ఆయనదీ ఒకటి. "దేశం పోయిందన్న మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నా" అంటారు. ఆయన చెప్పేది నిజమే. 1956లో ఈజిప్టు సూయెజ్ కాలువ దగ్గర భంగపడ్డప్పుడు అన్నారు. 1976లో ఐఎంఎఫ్ దగ్గర అప్పు తీసుకున్నప్పుడు అన్నారు. 1979 చలికాలం సమ్మెల్లో చెత్త ఇలాగే పేరుకుంటే అప్పుడూ అన్నారు. అయితే ఆ మూడుసార్లూ దేశం మళ్లీ ఎంతోకొంత లేచింది. ఈసారి నన్ను భయపెట్టేది ఏమిటంటే, 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత లేవడం అన్నదే కనబడలేదు. అంతకుముందు గంట పనికి వచ్చే ఉత్పత్తి ఏటా రెండు శాతం దాకా పెరిగేది, తర్వాత అర శాతం చుట్టూనే తిరుగుతోంది. జీతాలు పెరగవు, పన్నులు చాలవు, సేవలు కోస్తారు. కోస్తే జనం జబ్బుపడి పనికి దూరమవుతారు. మళ్లీ పన్నులు తగ్గుతాయి.

అలాంటి సమయంలో కావాల్సింది పదేళ్లు ఒకే పని మీద కూర్చునే నాయకులు. వచ్చింది 49 రోజుల ప్రధాని. 2022 సెప్టెంబరు 23న ట్రస్ ప్రభుత్వం డబ్బెక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించింది. మూడు రోజుల్లో పౌండు డాలరు ముందు చరిత్రలో ఎన్నడూ లేనంతగా పడిపోయింది. ఇంటి లోన్ల వడ్డీ ఆరు శాతం దాటింది. మా లోన్ రెన్యువల్ సరిగ్గా అప్పుడే పడింది, నెల వాయిదా చూసి మా ఆయనకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఒక్క శుక్రవారం చేసిన ప్రకటనకు లక్షల కుటుంబాలు ఇప్పటికీ కడుతున్నాయి. తర్వాత సునాక్, హెచ్ఎస్2 అనే హైస్పీడ్ రైలు మార్గంలో బర్మింగ్‌హామ్ దాటి మాంచెస్టర్ వెళ్లే భాగాన్ని రద్దుచేశారు. ఆ మాట మాంచెస్టర్‌లోనే నిలబడి చెప్పారు.

స్టార్మర్ మీద నాకున్న కోపం వేరే. 2024 ఎన్నికల్లో ఆయన పార్టీకి 33.7 శాతం ఓట్లకే 411 సీట్లు వచ్చాయి. అంత బలం పెట్టుకుని మొదట చేసిన పని, దాదాపు కోటి మంది వృద్ధులకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యం తీసేయడం. ఏడాది తిరక్కముందే, గోల పెరిగాక, చాలామందికి మళ్లీ ఇస్తామన్నారు. డబ్బూ మిగల్లేదు, నమ్మకమూ పోయింది. 2025 మేలో వలసల గురించి మాట్లాడుతూ మనం "అపరిచితుల ద్వీపం"గా మారే ప్రమాదం ఉందన్నారు. ఆ మర్నాడు కౌంటర్ వెనక నేను, కేరళ అమ్మాయి, ఘనా నుంచి వచ్చిన టెక్నీషియన్ ముగ్గురం పనిచేస్తున్నాం. చీటీలు తెచ్చిన ఎవరికీ మేం అపరిచితులం కాదు. అలా అన్నందుకు తర్వాత ఆయనే బాధపడ్డారు, కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. ఆ నెలలోనే, వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ స్థానిక ఎన్నికల్లో 10 కౌన్సిళ్లు గెలుచుకుంది. దేశం పోయిందని పదేపదే అనిపించుకున్న జనం, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల వైపు వెళ్తారు.

మంచివైపు కూడా చూడకపోతే అన్యాయం. 2019లో బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు మూసేస్తే, సుప్రీంకోర్టు జడ్జీలు 11 మందీ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. లాక్‌డౌన్‌లో పార్టీ చేసుకున్నందుకు పదవిలో ఉన్న ప్రధానికి పోలీసులు జరిమానా వేశారు, ఆయన కట్టారు. 2024లో ఓడిన మర్నాడే సునాక్ ఇల్లు ఖాళీచేసి వెళ్లిపోయారు. 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం ఆపేశారు. ఒకప్పుడు బొగ్గుతోనే బతికిన దేశం ఒక లక్ష్యం పెట్టుకుని, ప్రభుత్వాలు మారినా వదలకుండా పూర్తిచేసింది. అదే పట్టుదల ఆసుపత్రుల మీద, కౌన్సిళ్ల మీద ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఇక మీ తమ్ముడి విషయం. ఇక్కడి చదువు ఇప్పటికీ మంచిదే, ఊరి పక్కనే టివిడేల్‌లో ఉన్న బాలాజీ గుడికి వెళ్తే మనవాళ్లు బోలెడుమంది కనిపిస్తారు, ఒంటరితనం ఉండదు. కానీ అప్పుచేసి వస్తుంటే నిబంధనలు బాగా చూసుకోమనండి. మాస్టర్స్ చదువయ్యాక ఇక్కడ ఉండటానికి ఇచ్చే వీసాకు 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు గడువు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. శాశ్వత నివాసానికి ఇక్కడ ఉండాల్సిన ఐదేళ్లను పదేళ్లు చేయాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది. వృద్ధులను, రోగులను చూసుకునే పనులకిచ్చే కేర్ వీసాలో విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం 2025 జులైలోనే ఆపేశారు, ఆ వీసా ఇప్పిస్తామని ఏజెంటు ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

ఇంకొకటి, మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇండియన్ పాస్‌పోర్టుతో స్టూడెంట్ వీసా మీద ఉన్నా ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. నేను 2010లో అలాగే వేశాను.  ఇక్కడ మీవాళ్లెవరైనా ఉంటే పేరు నమోదు చేసుకోమని చెప్పండి, ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోతుంది. పోలింగ్ రోజు ఫొటో గుర్తింపు అడుగుతారు, మన పాస్‌పోర్టు చెల్లుతుంది.