బిడ్డా, కత్తి నువ్వే చేసుకో

దేవరకొండ

బిడ్డా,

నువ్వు పంపిన కట్టె గంటె ఫొటో చూసిన. మొదటిసారి చేసినవంటే నమ్మబుద్ధి కాలే. కాడ మొదట్ల కట్టె చీరినట్టయింది కదా, అది నీ చేతి తప్పు కాదు, కత్తి తప్పు. మొద్దు కత్తి వేపకట్టెను కోయదు, పీకుతది. పన్నెండు ఉలుల సెట్టు ఆన్‌లైన్‌ల కొనాల్నా అని అడిగినవు. కొనకు. నీ పనికి మూడు చాలు: సన్న కత్తి ఒకటి, గుండ్రటి మూతి ఉలి ఒకటి, గంటె కడుపు తవ్వేతందుకు వంకర కత్తి ఒకటి. మూడూ నువ్వే చేసుకో. ముందు సన్న కత్తి చెయ్యి, మిగిలిన రెండు దాని వెనుక వస్తయి.

పైసలు మిగులుతయని చెప్తలేను. దర్వాజ మీద చిలుక చెక్కేటప్పుడు ముక్కు కింద చిన్న మూల ఒకటి ఉంటది. దుకాణంల కొన్న ఏ ఉలీ ఆ మూలకు పోదు. నేను రంపం పండ్లు నూరే మూడు పలకల ఆకురాయి అరిగిపోతే దాన్నే వడ్లగింజంత మూతి ఉలిగా చేసుకున్న. ముప్పై ఏండ్ల సంది ఆ మూలకు అదే పోతది. చేసినోనికి పనిముట్టు లోపల ఏమున్నదో తెలుస్తది. అంచు పోతే మళ్ల తెచ్చుకుంటడు, కొనుక్కున్నోడు అవతల పారేస్తడు.

ఇనుము సంగతి ముందు అర్థం చేసుకో. ఇంటి స్లాబుకు వేసే సలాకలు, కిటికీ గ్రిల్లు పట్టీలు పనికిరావు. అవి మెత్తటి ఇనుము, ఎంత ఎర్రగ కాల్చి నూనెల ముంచినా కత్తికి కావాల్సినంత గట్టిపడవు, వాటిల కార్బన్, అంటే బొగ్గు సారం, చాలదు. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల పాతకాలంల మట్టి మూసలల ఇనుము పెట్టి, మూత బిగించి, కొలిమిల ఉడికించి, దానికి బొగ్గు సారం పట్టించేటోళ్లు. ఆ ఉక్కు కోసం పర్షియా (ఇప్పటి ఇరాన్) వర్తకులు అంత దూరం నుంచి వచ్చిన్రు. ఆ సారమే నీకు కావాల్సింది. మంచి పాత ఆకురాయిల అది నూటికి 1 పాలు, ఆపైన కొంచెం ఉంటది. లారీ కింద కుదుపు ఆపే కమాన్ పట్టీల 0.6 దాకా ఉంటది. బాడిశకు, గొడ్డలికి కమాన్ పట్టీ మేలు, దెబ్బ తట్టుకుంటది. చెక్కుడు కత్తికి ఆకురాయే మేలు, అంచు నిలుస్తది. చౌక ఆకురాళ్లు కొన్ని పైపొర మాత్రమే గట్టిగ ఉంటయి, లోపల మెత్తన. గ్రైండర్ రాయికి పై నుంచి లోపలి దాకా ఆనించి చూడు. మంచి ఉక్కైతే రవ్వలు చక్రం దగ్గర్నే పువ్వుల్లెక్క గుత్తులుగ విచ్చుకుంటయి. మెత్తటి ఇనుము రవ్వలు పొడుగు గీతల్లెక్క పోతయి, చీలికలు తక్కువ.

నకిరేకల్ హైవే మీద మెకానిక్ షెడ్లల కమాన్ ముక్కలు దొరుకుతయి. దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) కోసమని రైలు పట్టా ముక్క మాత్రం ఎవరి కాడా తీసుకోకు. దొంగతనంగ వచ్చిన రైల్వే సొమ్ము చేతిల ఉంటే 1966 నాటి చట్టం కింద కేసయితది. పాత సమ్మెట తలను మొద్దుల దిగ్గొట్టుకో, అది చాలు.

ఆకురాయి కొన్నప్పుడే గట్టిగ ఉంటది, అట్ల కోస్తే, కోసే ఆకురాయే అరుగుతది. అందుకే తుమ్మబొగ్గుల మీద ఎర్రగ కాల్చి, బూడిద కుప్పల పూడ్చి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేసరికి మెత్తబడి ఉంటది. పండ్లన్నీ గీకి నునుపు చెయ్యి, ఒక్క గాటు మిగిలినా కాల్చి ముంచినప్పుడు పగులు అక్కడ్నే మొదలైతది. అలుగు (కత్తి కోసే పలక) రెండు అంగుళాలు, వీపు మూడు మిల్లీమీటర్లు, అంచు కాడ అర మిల్లీమీటరు మందం ఉంచు. ఇంతకంటే పలుచన చేస్తే మంటల వంకర పోతది. పిడిల దిగే తోక అలుగంత పొడుగు ఉండాలె.

ఇప్పుడు చెప్పేది మెల్లగ చదువు. నిప్పు పని పొద్దుగూకినంకనే చెయ్యి. ఎండల ఇనుము రంగు కండ్లకు అందది. గాలి ఊదే తిత్తి లేకపోతే జుట్టు ఆరబెట్టే మిషిన్ గాలి సరిపోతది. కత్తి పండిన రేగుపండు ఎరుపుకు వచ్చినప్పుడు పాత స్పీకరుల తీసిన అయస్కాంతం ఆనించి చూడు. అయస్కాంతం పట్టుకుంటలేదంటే వేడి 730, 770 డిగ్రీల నడుమకు వచ్చినట్టు. ఇంకొంచెం కాగనిచ్చి ముంచాలె. మోదుగుపువ్వు రంగుకు పోనీయొద్దు, ఉక్కు లోపలి గింజ మోటుగయి అంచు పెళుసైతది.

ముంచుడు పల్లినూనెల. మన పక్క పాలమూరుల దానికి తక్కువేం లేదు. వేలు పెడితే ఓర్చుకోగలిగేంత గోరువెచ్చగ చేసి, మూతున్న ఇనుప డబ్బల పోసుకో. మొన దిక్కు నుంచి నిలువుగ దింపు. పైకీ కిందికీ ఆడించు, పక్కలకు ఆడిస్తే అలుగు వంగుతది. నూనె మంటందుకుంటే మూత వెయ్యి, నీళ్లు మాత్రం పొయ్యకు. నైలాన్ బట్టలు వేసుకోకు, కండ్లకు అద్దాలు పెట్టుకో. జింక్ పూత ఉన్న పైపు కానీ పట్టీ కానీ ఎప్పుడూ కొలిమిల పెట్టకు, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తది.

నా మొదటి కత్తి నేను నీళ్లల ముంచిన. ఇరవై ఏండ్లు లేవు నాకు, నూనె తేవడానికి ఓపిక లేక తొట్టిల పెట్టిన. లోపల్నుంచి టింగుమని ఒక చప్పుడు వచ్చింది. తీసి తుడిచి చూస్తే అంచు మీద వెంట్రుకంత గీత. వారం రోజులు చేసిన పని ఒక్క చప్పుడుతోని పోయింది. రెండోది నూనెల ముంచిన, బాగనే గట్టిపడ్డది. ఆ సంతోషంల దాన్ని మళ్ల వేడి చేయకుండనే తుమ్మకట్టె మీద పెట్టిన. మొన గాజు లెక్క విరిగి బొటనవేల్ల దిగింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగినవు, యాదికున్నదా?

అందుకే ముంచినంక ఆగకు. ముందు ఆకురాయితోని ఒకసారి గీకి చూడు. జారిపోతే గట్టిపడ్డట్టు. కొరికితే మళ్ల కాల్చి ముంచు. తర్వాత గరుకు కాగితంతోని ఇనుము తెల్లగ మెరిసేదాక రుద్ది, మందం పెనం మీద వీపు ఆనిచ్చి సన్న మంట పెట్టు. మెరుపు మీద రంగులు పాకుతుంటయి. ముందు లేత వరిగడ్డి రంగు, తర్వాత ముదురు గడ్డి రంగు, తర్వాత బెల్లం, తర్వాత వంకాయ, కడకు నీలం. చెక్కుడు కత్తి అంచు గడ్డి రంగుకు రాంగనే తీసి నీళ్లల పెట్టు, అంటే సుమారు 220, 230 డిగ్రీలు. కొడతితోని (కట్టె సుత్తితోని) కొట్టే ఉలికి బెల్లం దాకా పోనియ్యొచ్చు. నీలం వస్తే మెత్తబడిపోయినట్టే, మొదట్నుంచి మళ్ల చెయ్యాలె. మీ ఇంట్ల ఓవెన్ ఉంటే 200 డిగ్రీల మీద గంట చొప్పున రెండుసార్లు పెట్టినా అయితది, కానీ ఒక్కసారన్న పెనం మీద నీ కండ్లతోని ఆ రంగులు నడిచేది చూడు.

పిడికి చింత చేవ వాడు. పిడి మూతికి ఇత్తడి పొన్ను (కట్టు) వేసి, తోకను లక్కతోని బిగించు. పిడి నీ పిడికిలికి రెండు వేళ్లు పొడుగుండాలె, గుండ్రం కాకుండ కోడిగుడ్డు లెక్క ఉంటే చేతిల తిరగదు.

సాన పట్టేటప్పుడు గ్రైండర్ జోలికి పోకు. అంచు ఒక్క క్షణం వేడెక్కి నీలం తిరిగినా ఇంత కష్టమూ పోతది. రాయి మీద నీళ్లు చల్లుకుంట ఒకటే వాలుల నూరు. వేలు అడ్డంగ రాస్తే అవతలి దిక్కు సన్న ముల్లు మడత తగలాలె. అది తగిలినంక ఇవతలికి తిప్పి నూరు, తర్వాత పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుకుంట ఆ మడత పోయేదాక రుద్దు. పచ్చి వేపకొమ్మ మీద అడ్డంగ ఒక కోత పెట్టి చూడు. కోసిన చోట కట్టె అద్దం లెక్క మెరవాలె, తెల్లటి గీత ఒక్కటి కూడా కనపడొద్దు. కనపడ్డదంటే అంచు మీద అక్కడ చిన్న గండి ఉన్నట్టు.

దసరాకు వచ్చేటప్పుడు ఆకురాళ్లు రెండు పట్టుకరా, ఒకటి పగిలినా ఇంకొకటి ఉంటది. తుమ్మబొగ్గు నేను ఎండబెట్టి పెడత. అచ్చంపేట దిక్కు నుంచి పాలకొడిసె దుంగ ఒకటి తెప్పించిన, మెత్తగ తెల్లగ ఉన్నది, నీ కత్తికి మొదటి పని దాని మీదనే. ఆ నీళ్లల పగిలిన కత్తి ఇంకా నా పెట్టెల ఉన్నది. కొలిమి ముట్టించే ముందు దాని మీది గీత నీకు చూపిస్త.

నీ పెద్దనాయిన