ఏజెన్సీయా, మన్యమా?

సందేహం: గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ అన్నట్టే పాడేరు, చింతపల్లి వైపు ప్రాంతాన్నీ 'ఏజెన్సీ' అంటున్నాం. ఆ పేరెలా వచ్చింది? 'మన్యం' అని రాస్తే తప్పా? కొందరు 'మాన్యం' అని కూడా రాస్తున్నారు.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: తప్పు కానే కాదండీ, మన్యమే అసలు పేరు. కొండసీమకు మన పాత మాట మన్నెం. ఆ సీమను ఏలే దొర మన్నీడు. 'ఏజెన్సీ' ఈస్టిండియా కంపెనీ పాలనలో వచ్చి పడింది.

1835లో గంజాం జిల్లా గుమ్సూరులో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచాక, కొండల్లో మామూలు చట్టాలతో పని జరగదని కంపెనీ ప్రభుత్వం తేల్చుకుంది. 1839లో 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించారు. సివిల్ తగాదాలైనా క్రిమినల్ కేసులైనా ఇక కలెక్టరు చేతిలోనే. ఆ అధికారం ఆయనకు మద్రాసు గవర్నరు 'ఏజెంటు' హోదాలో వచ్చింది. ఏజెంటు ఏలే నేల కాబట్టి ఏజెన్సీ. ఆ పేరులో కొండ లేదు, అడవి లేదు, అక్కడ పుట్టి పెరిగిన బగతలు, కొండదొరలు, గదబలు లేరు. ఉన్నదల్లా అధికారి ఒక్కడే. నన్ను బాధపెట్టేది అదే.

తిరగబడినవాళ్ల సంగతీ అంతే. చిగురు పన్ను, అంటే కల్లు మీద వేసిన పన్ను, కారణంగా 1879లో గోదావరి మన్యంలోని రంపలో జనం లేస్తే తెల్లదొరల రికార్డుల్లో అది 'ఫితూరీ', అంటే అల్లరి. ఇప్పుడు మనం పితూరీలంటే చాడీలనుకుంటాం. 1882 అటవీ చట్టంతో పోడుకు అడ్డంకులు పెట్టారు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనుల్లో సరిగా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లినవాళ్ల కడుపుమంట 'ఫితూరీ' అన్న ఆ పాత మాటలో ఎక్కడా కనబడదు. అందుకే 'మన్యం తిరుగుబాటు' అని రాయడమే న్యాయం.

మరి 'ఏజెన్సీ'ని పూర్తిగా వదిలేద్దామా? వద్దంటాను. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనల్లో ఆ 'ఏజెంటు' ఇంకా ఉన్నాడు. వాటినే 1970లో బిగించారు; పాడేరులో ఎవర్నడిగినా 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. అనంతగిరి గనులను గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకూ ఆ నిబంధనలే ఆధారం. ఏలడానికి పుట్టిన మాటను కొండవాళ్లు తమ హక్కు అడగడానికి వాడుకుంటున్నారు. దాన్ని వాళ్ల నోటినుంచి తీసేయమనడానికి మనమెవరం?

కాబట్టి చట్టం, కోర్టు, భూమి కాగితాల సంగతి రాసేటప్పుడు ఏజెన్సీ అనే రాయండి. ఊళ్లు, మనుషులు, పంటలు, వానల గురించైతే మన్యం అనండి. 'ఏజెన్సీలో విషజ్వరాలు' అని ఏటా వచ్చే హెడ్డింగు కూడా 'మన్యంలో విషజ్వరాలు' అని ఉండాలి. జ్వరాలు వచ్చేది మనుషులకు. 'ఏజెన్సీవాళ్లు' అని మాత్రం ఎవరినీ అనకండి, వాళ్లకు తెగల పేర్లున్నాయి.

'మాన్యం' వేరు. అది పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన ఈనాం భూమి, దేవుడి మాన్యం లాంటిది. 'పార్వతీపురం మన్యం' జిల్లా పేరుకు దీర్ఘం పెడితే అర్థమే మారిపోతుంది.