గిన్నెను ఒకసారి ఊది చూడండి

ఇంట్లో పెంచుకునే పిట్టల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, కడపలో 22 ఏళ్లుగా పిట్టలు పెంచుతున్న ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ జవాబులు.

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. మాది అనంతపురం. మా అబ్బాయి పుట్టినరోజుకు ఒక జత లవ్‌బర్డ్స్ కొనిచ్చాం. ఒకటి నీలం, ఒకటి పచ్చది. పదహారో రోజు పొద్దున పచ్చది చనిపోయి ఉంది. ముందురోజు రాత్రి దాకా బాగానే ఉంది. గిన్నెలో గింజలు నిండుగానే ఉన్నాయి, నీళ్లు రోజూ మారుస్తున్నాను. మా వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా? మిగిలినదానికి జత తేవాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. గింజలు నిండుగానే ఉన్నాయన్నారు. ఆ గిన్నె తీసి ఒకసారి నోటితో ఊదండి. మన అంగళ్లలో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, బడ్జీలు ఆస్ట్రేలియా మెట్టనేలల పిట్టలు. బడ్జీ గింజను అలాగే మింగదు. ముక్కులో తిప్పుకుంటూ ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టును అక్కడే వదిలేస్తుంది. ఆ పొట్టంతా గిన్నెలోనే పడుతుంది. రెండు రోజులు గడిస్తే పైన ఉండేదంతా పొట్టే. నిలబడి చూస్తే మాత్రం గిన్నె నిండా కొర్రలున్నట్టే కనిపిస్తుంది.

నాకు ఇది తెలిసిన తీరు చెప్తాను. పిట్టలు తెచ్చుకున్న మొదటి ఏడాది, చుట్టాల పెళ్లికి ప్రొద్దుటూరు పోయి మూడో రోజు తిరిగొచ్చాను. గింజలు చూడమని పక్కింటి అమ్మాయికి చెప్పి పోయాను. పాపం, ఆ పిల్ల రోజూ వచ్చి చూసింది. "నిండుగా ఉన్నాయి కదా అని వెయ్యలేదు ఆంటీ" అంది. ఊది చూస్తే పొట్టు అంతా లేచిపోయి, అడుగున నాలుగంటే నాలుగు గింజలు మిగిలాయి. ఒక పిట్ట పంజరం అడుగున కాగితం మీద పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. ఊది చూడమని ఆ పిల్లకు చెప్పాల్సింది నేను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, పొద్దున కాఫీ తాగకముందే గిన్నెలు ఊదుతాను.

మీ ఇంట్లో జరిగింది ఇదేనని నేను చూడకుండా చెప్పలేను. తెచ్చిన రెండు మూడు వారాల్లో పిట్ట పోయిందంటే, అంగడిలోనే జబ్బు పట్టి ఉండటానికి కూడా అంతే అవకాశం ఉంది. "రాత్రి దాకా బాగానే ఉంది" అన్నారు కదా, పిట్టలను పెంచేవాళ్లందరికీ ఎదురయ్యేది ఇదే. చిన్న పిట్ట తన జబ్బును చివరిదాకా దాచిపెడుతుంది. అడవిలో నలతగా కనబడిన పిట్టనే డేగ ముందు తన్నుకుపోతుంది. అందుకని ఒంట్లో ఎంత బాగలేకపోయినా గిన్నె దగ్గరికి వచ్చి తింటున్నట్టు ముక్కు ఆడిస్తుంది. మనకు అనుమానం వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది.

మరి ముందే ఎలా పట్టుకోవాలి? మీరు పంజరం దగ్గరికి వెళ్లగానే అది సర్దుకుంటుంది. కాబట్టి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని పది నిమిషాలు కదలకుండా చూడండి. పట్టపగలు ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుందా? ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోందా? కొమ్మ వదిలి అడుగున కూర్చుంటోందా? రెట్ట నీళ్లలా ఉందా? ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి, రేపటికి వాయిదా వెయ్యొద్దు. నేనైతే వారానికోసారి వంటింటి డిజిటల్ తూకం మీద చిన్న డబ్బా పెట్టి పిట్టను తూస్తాను. బడ్జీ మొత్తం బరువే 30 నుంచి 40 గ్రాములు. అందులో మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే మనిషి ఆరేడు కిలోలు తగ్గినట్టు. ఈ తూకం పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. ఒక నోట్‌బుక్ ఇచ్చి తేదీ, బరువు రాయమనండి.

మిగిలిన నీలం పిట్టకు తోడు కావాలి, నిజమే. బడ్జీలు గుంపులో బతికే జీవులు. కానీ ఇప్పుడే వద్దు. పచ్చదానికి అంటుజబ్బు ఏమైనా ఉంటే ఇది దాని పక్కనే ఉంది. పంజరం, గిన్నెలు వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. ఒక నెల దీన్ని గమనించండి. ఆ తర్వాత కొత్తది తెచ్చినా దాన్ని వేరే గదిలో వేరే పంజరంలో ఇంకో నెల ఉంచాకే కలపండి. అప్పటిదాకా మీ వాణ్ని సాయంత్రం దాని పక్కన కూర్చుని పాఠాలు పైకి చదవమనండి. దానికి ఆ గొంతే తోడు.

మీ తప్పా అని అడిగారు. రోజూ నీళ్లు మార్చినవాళ్లు నిర్లక్ష్యం చేసినట్టు కాదమ్మా. పొట్టు సంగతి ఎవరూ చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది?

ప్రశ్న: మేము కర్నూలులో మూడంతస్తుల ఇంట్లో పైఅంతస్తులో ఉంటాం. ఏప్రిల్ వచ్చేసరికి పిట్టలు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి. కూలర్ ముందు పెట్టవచ్చా?

జవాబు: ముందు పంజరం ఎక్కడ వేలాడుతోందో చూడండి నాయనా. స్లాబు కింద కొక్కేనికి తగిలించి ఉంటే వెంటనే దింపండి. వేడిగాలి పైకే చేరుతుంది, సాయంత్రమైతే స్లాబు కూడా పొయ్యి మీది పెనంలా సెగ వదులుతుంది. మా ఇంట్లో వేసవి నాలుగు నెలలూ పంజరం కడప బండ వేసిన కింది అరలోనే ఉంటుంది. చేత్తో తాకితే మధ్యాహ్నం కూడా ఆ రాయి చల్లగానే ఉంటుంది. పిల్లి తిరిగే ఇల్లయితే మాత్రం తలుపు వేసుకోవాలి.

కూలర్ గదిలో ఉండవచ్చు, గాలి నేరుగా కొట్టకూడదు. కూలర్ తేమకు గింజలు బూజు పడతాయి, రోజువారీ కొలతే పొయ్యండి. వెడల్పాటి మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్లు పెడితే దిగి స్నానం చేస్తాయి. దిగనివాటికి తడి కొత్తిమీర కట్ట వేలాడదీయండి. తలను ఆ ఆకుల్లో రుద్దుకుని, ఒళ్లంతా తడుపుకుని, ఆ తర్వాత కొత్తిమీరను కూడా తినేస్తాయి. నేను రోజూ చూసేదే అయినా ఆ పది నిమిషాలు పని మానేసి నిలబడతాను.

నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుందంటే ఎండదెబ్బ మొదలైనట్టే. నీడకు తెచ్చి, మామూలు నీళ్లతో కాళ్లు తడిపి, పైన సన్నగా చిలకరించండి. ఐసు నీళ్లు వద్దు.

ప్రశ్న: పంజరం వంటింట్లో పెట్టుకోవచ్చా? అక్కడే నాకు వాటితో మాట్లాడే తీరిక.

జవాబు: వద్దు తల్లీ. నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాలితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకపోవచ్చు, పిట్టకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. దోసె వేసి పొయ్యి కట్టేయడం మరిచిపోయిన ఒక్క రోజు చాలు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ కూడా ఆ గదిలో వద్దు. హాల్లో పెట్టి, కూరగాయలు అక్కడ కూర్చుని తరుక్కోండి.

ప్రశ్న: మా అవ్వకు ఎనభై ఏళ్లు. చిన్నప్పుడు వాళ్లింట్లో రామచిలుక ఉండేదట. మళ్లీ ఒకటి కావాలంటోంది. మా మామ పల్లె నుంచి చెట్టుతొర్రలోని పిల్లను తెచ్చిస్తానంటున్నాడు. జమ్మలమడుగు దగ్గర మాది.

జవాబు: అవ్వ కోరిక నాకు అర్థమైంది. మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది. కానీ మీ మామను వద్దనండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. గోరింకల విషయంలోనూ అంతే. చిలక జోస్యం వాళ్ల దగ్గర ఉన్నాయి కదా అంటారు, వాళ్లకూ అనుమతి లేదు. తొర్రలోంచి తీసిన పిల్లకు తల్లి నోట్లోంచి తిండి పెట్టినట్టు మనం పెట్టలేం. చాలా పిల్లలు అంగడి చేరేలోపే చచ్చిపోతాయి. గాలికి రాలిన పిల్ల దొరికితే మాత్రం అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

అవ్వ కోసం ఒక పని చేయండి. మిద్దె మీద పిట్టగోడకు రెండు సజ్జకంకులు, ఒక పొద్దుతిరుగుడు పువ్వు కట్టండి. పక్కన మూకుడులో నీళ్లు పెట్టండి. మొదటి వారం కాకులు, ఉడతలే వస్తాయి. ఓపిక పట్టండి. మా మిద్దెకు ఇరవయ్యో రోజున వచ్చాయి, పొద్దున ఆరున్నరకు, అరుచుకుంటూ మూడు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో కంకిని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని ఒలుచుకు తిన్నాయి. అవ్వకు మెట్లెక్కడం కష్టమైతే ఆమె మంచానికి ఎదురుగా కనిపించే కిటికీ బయట కట్టండి, ఎత్తులో.