టక్కుమనే దవడ: పళ్ళు అరగదీయించుకునే ముందు

మీరు రాసింది ఇదీ: మూడు నెలలుగా ఎడమ చెవి ముందు నొప్పి, నోరు తెరిస్తే టక్కుమని శబ్దం, పొద్దున లేచేసరికి చెంప బిగుసుకుపోయి ఉండడం. చెవి డాక్టరు చెవి బాగుందన్నారు. పళ్ళ డాక్టరేమో ఎత్తుగా ఉన్న పళ్ళు కాస్త అరగదీసి, క్లిప్పులు వేస్తే తగ్గుతుందన్నారు. చేయించుకోవచ్చా అని మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. నాలుగేళ్ళ కిందట నాకూ ఇదే వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఇప్పుడే పళ్ళ జోలికి వెళ్ళనివ్వకండి. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు.

నేనూ మొదట చెవి చుట్టూనే తిరిగాను. చెవిలో చుక్కలు వేసుకున్నా, తర్వాత జ్ఞానదంతమేమో అని ఎక్స్‌రే తీయించా. ఏమీ లేదు. దవడ కీలు సరిగ్గా చెవి రంధ్రం ముందే ఉంటుంది, అందుకే ఈ తికమక. అక్కడ వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, కదులుతున్నది అదే. 1934లో ఈ కీలునీ చెవి బాధల్నీ ముడిపెట్టి రాసిన జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా డాక్టరు కూడా చెవి డాక్టరే. దవడ పళ్ళు ఊడిపోయి నోరు ఎక్కువగా మూసుకుపోవడం వల్ల కీలు నలిగిపోతుందని ఆయన అన్నాడు. ఆ లెక్క తర్వాత నిలబడలేదు. పళ్ళ వరస సరిచేస్తే కీలు బాగవుతుందన్న నమ్మకం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ కీలులో ఎముకకీ ఎముకకీ మధ్య చిన్న మెత్త లాంటి డిస్క్ ఉంటుంది. అది కాస్త ముందుకి జారితే, నోరు తెరిచినప్పుడు దవడ ఎముక దాని మీదికి ఎక్కుతూ టక్కుమంటుంది. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే ఉంటే వైద్యం అక్కర్లేదు, చాలామందికి ఉంటుంది. నేను ఆ శబ్దానికే హడలిపోయాను. ఒకరోజు పొద్దున అది ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని జామకాయ కొరకబోతే నోరు తెరుచుకోలేదు! మామూలుగా మన మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెడితే పట్టాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. నాకు రెండు వేళ్ళే కష్టమయ్యాయి. డిస్క్ ముందే ఇరుక్కుని దారికి అడ్డం పడింది, అందుకే శబ్దం లేదు. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ డిస్క్ కనిపించదు, దానికి ఎమ్మారై కావాలి. అది కూడా అందరికీ అవసరం రాదు, నాకు తీయలేదు.

అప్పుడు వెళ్ళాను డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగానికి. అక్కడి మేడమ్ కణతలూ చెంపలూ వేళ్ళతో నొక్కి చూసి, "ఇప్పుడు మీ పై పళ్ళూ కింది పళ్ళూ ఆని ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. "నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప ఆనకూడదమ్మా" అన్నారు. నలభై దాటాక తెలిసింది నాకీ సంగతి. నెలనెలా 20వ తేదీ, జీఎస్‌టీ రిటర్నుల టెన్షన్‌లో కంప్యూటర్ ముందు గంటల తరబడి పళ్ళు బిగబట్టి కూర్చునేదాన్ని. రాత్రి పళ్ళు కొరికితే కడుపులో పురుగులని చిన్నప్పుడు మా అమ్మ మందు మింగించేది. నాది పగటి కొరుకుడు, ఎవరికీ వినపడదు.

మందు ఏమిటంటే, ఎక్కువగా అలవాటు మార్చుకోవడమే. పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక కొస "ల" అనబోయినప్పుడు ఎక్కడ ఆనుతుందో అక్కడ. చెప్పినంత తేలిక కాదు. మానిటర్ అంచుకి ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను, అది కంట పడ్డప్పుడల్లా దవడ వదలడం. ఫోన్ మోగినప్పుడల్లా కూడా. రెండు వారాలు పోయాక గానీ సాయంత్రం తలనొప్పి తగ్గలేదు.

దాంతోపాటు రోజూ రెండుసార్లు, వేడి నీళ్ళలో పిండిన తువ్వాలుతో చెంపకి పదిహేను నిమిషాల కాపడం. ఫిజియో నేర్పిన వ్యాయామం: నాలుక కొస అంగిలికి ఆనించి, అది ఊడిపోనంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయడం, ఆరేసిసార్లు, రోజుకి ఆరుసార్లు. బలవంతంగా సాగదీయడం వద్దు. మొదటి కొన్ని రోజులు వాళ్ళు రాసిన నొప్పి బిళ్ళలు వేసుకున్నా. మూడు వారాలు పెరుగన్నం, పప్పు, ఇడ్లీ, ఉప్మా. జంతికలు, చెరకు, మొక్కజొన్న కంకి, చూయింగ్ గమ్ బంద్. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకునేదాన్ని. ఆఫీసులో నవ్వారు, నవ్వనీ.

నోరు మళ్ళీ మూడు వేళ్ళకి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. శబ్దం ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు సంగతి. రాత్రి కొరికేవాళ్ళకి పళ్ళు అరగకుండా కాపాడుతుంది, నొప్పి కొందరికి తగ్గిస్తుంది, కొందరికి తగ్గించదు. మీ కొలత తీసి చేసిన గట్టి రకమైతే ఆలోచించండి, ఆన్‌లైన్‌లో దొరికే రబ్బరువి కొనకండి. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీర్ఘకాలపు దవడ నొప్పి మీద వచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామాలు, ఫిజియో, మానసికంగా ఒత్తిడిని తట్టుకునే శిక్షణ వీటినే ముందు పెట్టాయి. డిస్క్ తీసేసే ఆపరేషన్ లాంటి, వెనక్కి తిప్పలేని కొన్ని పనులు వద్దన్నాయి. మీ పళ్ళ డాక్టర్ని నేరుగా అడగండి: ఇది వెనక్కి తీసుకోగలిగే వైద్యమేనా? క్లిప్పులు పళ్ళ వరస కోసమైతే అది వేరే సంగతి.

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. రెండో అభిప్రాయానికి అక్కడికి వెళ్ళొచ్చు.

ఇంకోటి, మీరు రాయలేదు. గుట్కా, వక్కపొడి అలవాటు ఉందా? కారం తగిలితే నోరు మండి, బుగ్గల లోపల తాళ్ళలా బిగుసుకుని నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే అది కీలు జబ్బు కాదు, క్యాన్సర్ దాకా పోగలదు. వెంటనే చూపించుకోవాలి. జ్వరంతో దవడ వాచినా అంతే. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి, ఛాతీ బరువెక్కితే పళ్ళ డాక్టర్ దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ లాగడం, చూపు మసకబారడం కలిసి వస్తే ఆ రోజే వెళ్ళాలి.

ఇవేవీ లేకపోతే, రేపు పనిలో ఉండగా మీ పళ్ళు ఆని ఉన్నాయో లేదో ఒకటికి పదిసార్లు చూసుకుని, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.