గుట్టలూ ఏటి లోయలూ: ఇంటిల్లిపాదీ నడకకు వెళ్తే

గుట్టల మీదుగా, ఏటి ఒడ్డున పిల్లలతో పెద్దలతో కలిసి నడవడం గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి కాస్త వివరంగా, మిగతావాటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మ్యాపులో దారి 6 కిలోమీటర్లే. మామూలు రోడ్డు మీద ఆ దూరం గంటన్నరలోపే నడిచేస్తాం. ఆరేళ్ల బాబుతో గుట్టల్లో వెళ్తే నాలుగు గంటలు దాటింది. పైగా బయల్దేరిన చోటికే తిరిగొచ్చాం, ఎత్తులో తేడా ఏమీ లేదు. మరి ఎందుకింత ఆలస్యం?

జవాబు: ఎత్తులో తేడా లేదనుకోవడమే అసలు పొరపాటు. చిన్నచిన్న గుట్టలు వరసగా ఉండే నేలలో ఒక గుట్ట 80 మీటర్లు ఎక్కి దిగుతారు, తర్వాతది 90 మీటర్లు, ఆ తర్వాతది మళ్లీ 80. చివరికి మొదలుపెట్టిన మట్టానికే వచ్చినా కాళ్లు ఎక్కింది 250 మీటర్లు. దిగినంత మాత్రాన ఎక్కిన కష్టం చెల్లిపోదు.

దీనికి పాత లెక్క ఒకటుంది. స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పాడు. దాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే గంటకు 5 కిలోమీటర్లు, పైన ప్రతి 100 మీటర్ల ఎక్కుడికీ 10 నిమిషాలు అదనం. ఆ లెక్కన మీ దారికి దూరానికి 72 నిమిషాలు, ఎక్కుడికి 25, మొత్తం గంటా ముప్పయ్యేడు నిమిషాలు. అయితే ఇది ఒంట్లో సత్తువున్న పెద్దవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఆరేళ్ల పిల్లవాడికి గంటకు రెండున్నర కిలోమీటర్లు, 100 మీటర్ల ఎక్కుడికి 20 నిమిషాలు వేసుకోండి. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎక్కుడికి 50 నిమిషాలు. గంటకోసారి పది నిమిషాలు ఆగడం, మధ్యలో అరగంట తిండికి కూర్చోవడం కలిపితే నాలుగుంపావు గంటలు. మీకు పట్టింది దాదాపు అంతే. బాబు నెమ్మదిగా ఏమీ నడవలేదు, మీ లెక్కలోనే ఎక్కుడు చేరలేదు.

ఎక్కుడు ఎంతో ముందే తెలుసుకోవాలంటే మ్యాపులోని కాంటూరు గీతలు చూడండి. ఒక్కో గీత ఒక్కో ఎత్తు. గీతకూ గీతకూ మధ్య ఎన్ని మీటర్లో మ్యాపు అంచున రాసి ఉంటుంది. 10 మీటర్లని ఉంటే, మీ దారి పైకి వెళ్తూ దాటే గీతలను మాత్రమే లెక్కపెట్టండి. 25 గీతలంటే 250 మీటర్లు. గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే నిటారు ఎక్కుడు. దారి గీత పక్కనే దానితోపాటు సాగుతుంటే చదునైన నడక. గీతలు ఇంగ్లిషు 'వి' అక్షరంలా వంగి, ఆ మొన ఎగువవైపు చూస్తుంటే అక్కడ వాగు లేదా లోయ ఉన్నట్టు. మొన దిగువకు ఉంటే అది గుట్ట వెన్ను. దూరం కొలవాలంటే 1:25,000 మ్యాపులో 4 సెంటీమీటర్లు, 1:50,000 మ్యాపులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఫోన్‌లో దారి గీసి చూస్తే మొత్తం ఎక్కుడు దానంతటదే కనిపిస్తుంది. దూరం పక్కనే ఉండే ఆ అంకెను చాలామంది చూడకుండా వదిలేస్తారు.

అయిదారేళ్ల పిల్లలతో మొదటిసారి వెళ్లేటప్పుడు 3–4 కిలోమీటర్లు, 100 మీటర్ల ఎక్కుడు దాటని దారి చాలు. బయల్దేరేముందే తిరుగుముఖం పట్టే టైము ఒకటి అనుకోండి. ఆ టైముకి ఎక్కడున్నా సరే, గుట్ట కొన ఎదురుగా కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. దగ్గరకు వచ్చాక కొన అనుకున్నది కొన కాదని, దాని వెనక ఇంకో ఎత్తు ఉందని తేలడం గుట్టల్లో మామూలే. పైకి వెళ్లేకొద్దీ గుండ్రంగా వాలు తగ్గే గుట్ట మీద అసలు కొన కింది నుంచి కనబడదు.

ప్రశ్న: గుట్ట ఎక్కే దారి, ఏటి ఒడ్డు దారి రెండూ కలిసి ఒక చుట్టులా ఉన్నాయి. ఎటు నుంచి మొదలుపెట్టడం మంచిది?

జవాబు: గుట్టతోనే. పొద్దున్నే ఎండ తక్కువ, పిల్లల కాళ్లలో బలం ఎక్కువ. ఏరు చివర్లో ఉంటే అదే వాళ్లను ముందుకు లాగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ముందే నీళ్లలో ఆడితే బూట్లు, సాక్సులు తడుస్తాయి. తడి చర్మం మెత్తబడి, మిగతా దారంతా రాపిడికి పొక్కులెక్కుతుంది. ఒక్క జాగ్రత్త: లోయ అడుగున పొద్దు త్వరగా వాలుతుంది. సూర్యాస్తమయానికి చాలా ముందే పక్క గుట్ట నీడ పడి చీకటి, చలి కమ్ముకుంటాయి. కాబట్టి పంచాంగంలో ఉన్న అస్తమయ సమయాన్ని కాదు, దానికి రెండు గంటల ముందు సమయాన్ని గడువుగా పెట్టుకోండి.

ప్రశ్న: దారి మధ్యలో వాగు అడ్డం వస్తే దాటొచ్చా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలి? రాళ్ల మీద గెంతుకుంటూ పోవడం నయమా, నీళ్లలో దిగడం నయమా?

జవాబు: ముందుగా వాగు ఒడ్డున ఒక పుల్ల విరిచి నీళ్లలో వేయండి. దాంతోపాటు ఒడ్డు మీద మామూలుగా నడవండి. పుల్ల మిమ్మల్ని దాటి పోతుంటే పిల్లలతో ఆ నీళ్లలోకి దిగవద్దు. తర్వాత లోతు. ఇంట్లో అందరికంటే పొట్టిగా ఉన్నవాళ్ల మోకాలే కొలత, నీళ్లు అంతకంటే లోతుంటే దాటవద్దు. వడి ఎక్కువగా ఉంటే పిక్క లోతు నీళ్లు కూడా మనిషిని పడదోస్తాయి. మూడోది, దిగువన ఏముందో చూడండి. కాలు జారితే కొట్టుకుపోయి చేరేది చదునైన ఇసుక మేటా, లేక బండల సందా, పడిపోయిన చెట్టు కొమ్మలా? చెట్టు కొమ్మల్లోంచి నీరు పోతుంది గానీ మనిషి పోలేడు, అక్కడే ఇరుక్కుంటాడు.

నీళ్లు మట్టిరంగులో ఉన్నా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, అడుగున రాళ్లు దొర్లే దబదబ శబ్దం వినబడినా ఇంకేమీ ఆలోచించకుండా వెనక్కి తిరగాలి. మీ నెత్తిన చుక్క వాన పడకపోయినా ఎగువన పడిన వాన గంటల తర్వాత మీ దగ్గరకు వస్తుంది. ఒడ్డున పొదల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తున ఉందో చూస్తే మొన్నటి నీరు ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. ఎగువన ఆనకట్ట ఉన్న ఏరైతే గేట్లు ఎత్తినప్పుడు ఎండపూట కూడా నీరు హఠాత్తుగా పెరుగుతుంది. అక్కడి హెచ్చరిక బోర్డును తప్పకుండా చదవండి.

ఇక రాళ్ల మీద గెంతడం. నీళ్ల పైన ఆరిపోయి తెల్లగా, గరుకుగా కనిపించే రాయి పట్టు ఇస్తుంది. నీటిమట్టంలో ఉండి నల్లగా, ఆకుపచ్చగా మెరిసేది పాచి పట్టిన రాయి. దాని మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. జారితే పడేది రాయి మీదే, ముంజేయో పళ్లో విరుగుతాయి. అందుకే నీరు పాదం మునిగేంత ఉండి నెమ్మదిగా పారుతుంటే, గెంతడం కంటే నీళ్లలో దిగి నడవడమే నయం. బూట్లు విప్పకండి. ఉత్తి కాళ్లకు గాజుపెంకులు, మొనదేలిన రాళ్లు తగులుతాయి. కావాలంటే సాక్సులు మాత్రం తీసి సంచిలో పెట్టుకోండి. సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే సంచి వదిలించుకోవడానికి. ముఖం ఎగువకు పెట్టి అడ్డంగా, ఒక్కో అడుగూ తడిమి ఆనించుకుంటూ నడవాలి. పిల్లలను ఒక్కొక్కరినే దాటించండి, పెద్దవాళ్లు దిగువ పక్కన ఉండాలి.

ప్రశ్న: పిల్లలను ఏటిలో ఎక్కడ ఆడనివ్వొచ్చు?

జవాబు: ఏరు మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు, లోపలి ఒడ్డు వేర్వేరుగా ఉంటాయి. వడి బయటి ఒడ్డును కోస్తుంది, అక్కడ లోతెక్కువ. ఒడ్డు పైన గడ్డితో గట్టిగా కనబడినా కింద మట్టి కొట్టుకుపోయి డొల్లగా ఉంటుంది, అంచున నిలబడితే పెళ్లతో సహా కూలుతుంది. లోపలి ఒడ్డున ఇసుక మేట వేసి నీరు పలచగా, నెమ్మదిగా ఉంటుంది. పిల్లల ఆట అక్కడే, అదీ చీలమండ లోతు వరకే. ముందు పెద్దవాళ్లు దిగి నాలుగడుగులు నడిచి చూడాలి. ఇసుక తవ్వేసిన ఏటిలో చదునుగా కనిపించే నీటి కింద హఠాత్తుగా నిలువు లోతు గుంతలుంటాయి. అలాంటి తవ్వకాల ఆనవాళ్లు ఒడ్డున కనిపిస్తే అసలు దించవద్దు. ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి, చేయి అందేంత దగ్గరలో నీళ్లలోనే నిలబడాలి.

ప్రశ్న: పది నెలల పాపను వీపు సంచిలో కూర్చోబెట్టుకుని నడవొచ్చా?

జవాబు: పాప మెడ నిలిపి, ఊతం లేకుండా కూర్చోగలిగితే నడవొచ్చు. ఎగుడుదిగుడు దారిలో ఛాతీ ముందు మోసే సంచి వద్దు, మీ పాదాలు మీకే కనబడవు. వీపున మోసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. నడుస్తున్న మీకు చెమటలు పడుతుంటాయి గానీ కదలకుండా కూర్చున్న పాప చల్లబడిపోతుంది. అరగంటకోసారి ఆగి చేతివేళ్లు, పాదాలు, మెడ వెనక ముట్టి చూడండి. పాప తల మీ తల కంటే ఎత్తులో ఉంటే, మీరు తప్పించుకున్న ముళ్లకొమ్మ పాప ముఖానికి తగులుతుంది. కొమ్మల కింద మోకాళ్లు వంచి వెళ్లాలి, నడుము వంచితే పాప తల ముందుకు పడుతుంది. ఇక సంచిని పాపతో సహా నేల మీద నిలబెట్టి వదిలేయవద్దు. వాలులో అది పక్కకు ఒరుగుతుంది.

ప్రశ్న: అత్తయ్యగారికి అరవై అయిదేళ్లు. ఎక్కడం బాగానే ఎక్కుతారు, దిగేటప్పుడే మోకాళ్లు నొప్పంటారు. బొటనవేలి గోరు కూడా నల్లబడింది.

జవాబు: రెండింటికీ మూలం దిగుడే. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపే పని తొడ కండరాలది, మోకాలిది. మోకాలి నొప్పికి చేతికర్రలు రెండు మంచి సాయం. చదునైన చోట కర్ర పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి, దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కాస్త వంచి వేయమనండి. తిన్నగా కాకుండా వంకరటింకరగా దిగితే వాలు తగ్గుతుంది. గోరు నల్లబడటానికి కారణం పాదం ముందుకు జారి బూటు కొనకు కొట్టుకోవడం. గోళ్లు కత్తిరించుకుని, దిగుడు మొదలయ్యే చోట ఆగి లేసులు విప్పి మళ్లీ కట్టాలి. మడమను వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర బిగువుగా, వేళ్ల దగ్గర వదులుగా ఉండాలి. బూటులో వేళ్ల ముందు ఒక వేలి వెడల్పు జాగా లేకపోతే ఎంత కట్టినా లాభం లేదు. నడిచిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేయడం సహజమే. మోకాలు వాచినా, మెట్టు దిగుతుంటే సడలిపోయినట్టు అనిపించినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

పొక్కుల మాట కూడా చెప్పేస్తాం. పొక్కు లేవడానికి ముందు అక్కడ చురుకుమంటుంది. పిల్లలు ఆ మాట అన్న నిమిషంలోనే ఆగి, ఆరబెట్టి, టేపు అతికించండి. అరగంట ఆగితే టేపు పనిచేయదు. నూలు సాక్సులు చెమట పట్టి తడిగానే ఉంటాయి, ఊలువో సింథటిక్‌వో నయం.

ప్రశ్న: లోయలో ఫోన్ సిగ్నల్ పోతుంది. దారి తప్పితే?

జవాబు: సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపును ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోను బ్యాటరీ తినేస్తుంది గనక ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కాగితం మ్యాపు ఒకటి ప్లాస్టిక్ కవరులో ఉండాలి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. పిల్లలందరి మెడలో తలా ఒక ఈల వేయండి. ఆపదలో ఉన్నామని తెలిపే అంతర్జాతీయ గుర్తు నిమిషంలో ఆరు ఊదులు, ఒక నిమిషం ఆపి మళ్లీ ఆరు. జవాబు నిమిషానికి మూడు ఊదులు. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగవద్దని, ఉన్నచోటే ఒక చెట్టు పట్టుకుని ఈల ఊదమని పిల్లలకు నేర్పండి. నడకకు ముందు ఒకసారి ఊదించి చూడండి, ఊరికే చెబితే గుర్తుండదు.

ప్రశ్న: గుట్ట వెన్ను మీద ఉండగా ఉరుములు మొదలైతే?

జవాబు: మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, వచ్చేది కిలోమీటర్లు. 30 సెకన్లు లేదా అంతకంటే తక్కువైతే వెంటనే దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు, నేల మీద పడుకోవద్దు, ఒకరికొకరు దూరంగా ఉండండి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి అప్పుడు కదలండి. తలుపులు మూసిన కారు, పక్కా కట్టడం మాత్రమే నిజమైన ఆసరా.

ప్రశ్న: జలగలు, పిడుదులు పట్టుకుంటే ఉప్పు వేయాలా, కాల్చాలా?

జవాబు: రెండూ వద్దు. జలగ మీద ఉప్పు వేసినా నిప్పు పెట్టినా అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉన్న తల వైపు గోరు ఆనించి పక్కకు జరిపితే పట్టు వదులుతుంది. పిడుదును చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. తర్వాత సబ్బుతో కడగండి. కొన్ని రోజుల్లో జ్వరం గానీ దద్దురు గానీ వస్తే పిడుదు కుట్టిన సంగతి డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: దారి పొలాల మధ్యగా, పశువులు మేసే బీడు మీదుగా పోతోంది. పరవాలేదా?

జవాబు: నడిచే హక్కు ఉన్న దారైతే పరవాలేదు, లేకపోతే పొలం వాళ్లను అడిగి వెళ్లండి. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. పశువులు నీళ్లకు వెళ్లే దారి అదే కావచ్చు. ఆవుకూ దూడకూ మధ్యలోంచి ఎప్పుడూ వెళ్లకండి, మంద చుట్టూ తిరిగి వెళ్లండి. కుక్క మీతో ఉంటే గొలుసుతోనే నడిపించండి. ఆవు ఎదురుతిరిగి మీదికొస్తే మాత్రం గొలుసు వదిలేయాలి. అది వచ్చేది కుక్క మీదికి, కుక్క దానంతటది తప్పించుకుంటుంది.