పాప గంజాయి చాక్లెట్ తినేసింది.. మజ్జిగ తాగించొచ్చా?

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు, 12 కిలోలు ఉంటుంది. పోయిన ఆదివారం మా తమ్ముడి బ్యాగులోని చాక్లెట్ తీసి తినేసింది. గంటన్నర దాకా బాగానే ఆడుకుంది. తర్వాత కళ్లు ఎర్రబడి, తూలుతూ నడిచి, పిలిచినా పలక్కుండా నిద్రపోయింది. అవ్వ మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగిస్తే పొలమారి వాంతి చేసుకుంది. అది గంజాయి చాక్లెట్ అని తమ్ముడు రాత్రి ఆస్పత్రికి వెళ్లాక గానీ చెప్పలేదు. ఒక రోజు ఉంచి పంపారు. ఇప్పుడు బాగుంది. మెదడుకు ఏమైనా అవుతుందా? ఇలాంటప్పుడు ఏం చేయాలి?
– ఓ తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. ఊపిరి ఆగకుండా, ఆక్సిజన్ పడిపోకుండా బయటపడిన బిడ్డకు ఒక్కసారి తిన్నందువల్ల మెదడు దెబ్బతినడం సాధారణంగా ఉండదు. పాప మునుపటిలా తింటూ, ఆడుకుంటూ ఉంటే స్కానింగులు అక్కర్లేదు. మూత్రంలో గంజాయి ఆనవాళ్లు కొన్ని రోజులు ఉంటాయి. మళ్లీ పరీక్ష చేయించి కంగారుపడకండి. జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే మాత్రం చూపించండి. పొలమారిన మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు.

‘గంటన్నర బాగానే ఆడుకుంది’ అన్నారు, మోసం అక్కడే ఉంది. పొగ పీలిస్తే మత్తు నిమిషాల్లో ఎక్కుతుంది. తింటే మాత్రం టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం కాలేయానికి వెళ్లి, అక్కడ ఇంకా గట్టి రూపంలోకి మారి మెదడుకు చేరుతుంది. దానికి అరగంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు. అందుకే తిన్నట్టు తెలిస్తే, బిడ్డ గంతులేస్తున్నా సరే, బయల్దేరాల్సిందే. కిలో బరువుకు టీహెచ్‌సీ 1.7 మిల్లీగ్రాములు దాటితే పిల్లల్లో మత్తు తీవ్రంగా, ఎక్కువసేపు ఉండే ప్రమాదముంది. మీ పాపకు లెక్కేస్తే 20 మిల్లీగ్రాములు. కెనడాలో చట్టప్రకారం అమ్మే గంజాయి తినుబండారాల ప్యాకెట్ మొత్తంలోనే టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించకూడదు. ఇక్కడ దొంగచాటుగా చేతులు మారే చాక్లెట్‌లో ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. ‘చిన్న ముక్కే కదా’ అని ఊరుకోవద్దు.

మజ్జిగ, నిమ్మరసం, చింతపండు రసం ఏదీ మత్తు దించదు. మత్తులో ఉన్న బిడ్డ సరిగ్గా మింగలేదు, అవ్వ ప్రేమగా పోసిందే ప్రమాదమవుతుంది. గొంతులో వేలు పెట్టి కక్కించడం, ఉప్పునీళ్లు తాగించడం అసలే వద్దు. నోట్లో మిగిలిన ముక్కలు కనిపిస్తే తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మన దగ్గర ఎక్కువమంది బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తెస్తారు. మత్తులో మెడ ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి దారి మూసుకుపోతుంది. 108కు ఫోన్ చేయండి. ఆటో అయితే ఒడిలో పక్కకు పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి పట్టుకోండి. ఊపిరి నిమిషానికి 15 సార్ల కంటే తగ్గినా, ఆగి ఆగి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా కర్నూలు దాకా ఆగొద్దు. దగ్గర్లోని ఆస్పత్రిలోనే ముందు ఆక్సిజన్ పెట్టించండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి 1800 116 117లో ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

మీ తమ్ముడు ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. కారణం తెలియకుండా మత్తుగా వచ్చిన బిడ్డను చూస్తే మాకు మెదడువాపు దగ్గర్నుంచి అన్నీ గుర్తొస్తాయి. నేల మీద పడుకున్న బిడ్డకు కట్లపాము కాటా? అలాగైతే రెప్పలు వాలిపోతాయి, గాటు కనిపించకపోవచ్చు. పురుగుమందా? కంటిపాపలు సూదిమొనంత అయి, చొంగ కారుతుంది. ఉమ్మెత్త కాయా? నోరు ఎండి, ఒళ్లు కాలిపోతుంది. ఏదీ తేలకపోతే సీటీ స్కాన్, వెన్నులోంచి నీరు తీయడం దాకా వెళ్తాం. ‘గంజాయి చాక్లెట్, ఇన్ని గంటలకు తింది’ అని ఒక్క ముక్క చెబితే వాటిలో చాలావరకు తప్పుతాయి. రేపర్, మిగిలిన ముక్క వెంట తెండి. విషం కేసు కాబట్టి ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) రాస్తారు, నిజమే. దానికోసం వైద్యం ఆగదు. కేసుకు భయపడి దాచిన గంటలే బిడ్డకు చేటు.

దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి, గుండె, షుగర్ చూసుకుంటూ, అవసరమైతే ఆక్సిజన్, సెలైన్, ఫిట్స్ మందు ఇస్తాం. అరుదుగా వెంటిలేటర్ కావాలి. చాలామంది 24 గంటల్లో తేరుకుంటారు, కొందరికి రెండు రోజులు పడుతుంది. కళ్లు తెరవగానే తీసుకెళ్లిపోవద్దు. పాప తూలకుండా నాలుగడుగులు నడిచి, పొలమారకుండా నీళ్లు తాగేదాకా ఆస్పత్రిలోనే ఉంచండి.